వేట విల్లుకు బాణం: ములుకు దగ్గర మొదలవ్వాల్సిన లెక్క

క్లుప్తంగా: కొత్తగా వేట విల్లు కొన్నవాళ్లు చాలావరకు బాణాలు ముందే కొనేసి, బ్రాడ్‌హెడ్ (కత్తి అంచులున్న వేట ములుకు) సంగతి సీజన్ దగ్గరపడ్డాక చూసుకుంటారు. సమస్య ఇక్కడే మొదలవుతుంది. విల్లును నిజంగా ఎన్ని పౌండ్లకు లాగుతున్నారో, అంటే నారి లాగడానికి ఎంత బలం పడుతోందో ముందు తేలాలి. ఆ తర్వాత ములుకు బరువు, దానికి తగ్గ షాఫ్ట్ (బాణం కాడ). తేలిక బాణమా, బరువు బాణమా అన్న వాదన కంటే ఈ పొందిక, అంచుల పదును జింక వేటలో ఎక్కువ తేడా చూపిస్తాయి.

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఆ కౌంటీలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న డల్లాస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీల్లోనూ తెల్లతోక జింకను తుపాకీతో వేటాడటానికి వీల్లేదు. విల్లు గానీ క్రాస్‌బో గానీ వాడాలన్నది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పెట్టిన నిబంధన. ఆఫీసులో పక్క సీటు మిత్రుడు వేటకు రమ్మన్నాడంటే అక్కడ తెలుగువాళ్ల చేతికి ముందు వచ్చేది విల్లే. ఇంకో కారణం కూడా ఉంది. తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటంపై ఫెడరల్ చట్టంలో ప్రత్యేక ఆంక్షలు, వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కిందకి రాదు.

భారత్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేట నేరం. కాబట్టి ఈ వ్యాసంలోని వివరాలన్నీ అమెరికాలో లైసెన్సుతో, సీజన్‌లో చేసే వేటకే వర్తిస్తాయి.

ఎందుకింత గందరగోళం?

కొత్తవాళ్లు ఎక్కువగా కొనేది ‘రెడీ టు హంట్’ పేరుతో అమ్మే కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలు, వాటికి కేబుళ్లు ఉండే విల్లు) సెట్. విల్లు, గురి చూసే సైట్, బాణం ఆనించే రెస్ట్, విల్లు కదలకుండా ఉంచే స్టెబిలైజర్, బాణాలు పెట్టుకునే క్వివర్ అన్నీ అందులోనే వస్తాయి. బాణాలు మాత్రం సాధారణంగా ఉండవు, ఎందుకంటే అవి మనిషిని బట్టి మారతాయి. దాంతో కొనేవాళ్లు విడిగా బాణాల అర దగ్గరికి వెళ్తారు. అక్కడ ప్రతి పెట్టె మీదా 300, 340, 400, 500 అంటూ అంకెలు. పక్కనే బ్రాడ్‌హెడ్ల మీద 100, 125 అంటూ వేరే అంకెలు. మొదటివి బిగువుకు సంబంధించినవి, రెండోవి బరువుకు. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న మాట ఏ పెట్టె మీదా ఉండదు.

దీనికి తోడు పోటీ విలువిద్య, వేట విలువిద్య ఒకటేనన్న భావన ఉంది. విజయవాడ క్రీడాకారిణి జ్యోతి సురేఖ అంతర్జాతీయ పతకాలు సాధించింది కాంపౌండ్ విల్లుతోనే. ఆ ఆటలో బాణం పని 50 మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెట్టడం. గీతను తాకినా ఎక్కువ పాయింటు వస్తుంది కాబట్టి కొందరు లావుపాటి షాఫ్టులు వాడతారు. 9.3 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ విలువిద్య సమాఖ్య పరిమితి కూడా పెట్టింది. వేట బాణం చేయాల్సిన పని వేరు. అది చర్మాన్ని, కండను, పక్కటెముకలను దాటి లోపలికి వెళ్లి కోయాలి. అందుకే పోటీకి బాగున్న బాణం వేటకూ బాగుంటుందని చెప్పలేం.

బాణం ఎలా పనిచేస్తుంది?

వేట తుపాకీ తూటా చాలా వేగంగా వెళ్లి, తగిలిన చోట విచ్చుకుని, చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా చితక్కొడుతుంది. బాణానికి అంత శక్తి లేదు. 60 పౌండ్ల విల్లు నుంచి వచ్చే బాణం శక్తి సుమారు 60 ఫుట్-పౌండ్లు. చిన్న .22 తూటా శక్తి అంతకు దాదాపు రెండింతలు. అయినా ఆ తూటా జింక వేటకు చాలదు, బాణం చాలుతుంది. కారణం అంచు. బాణం కోత పెడుతుంది, రక్తనాళాలు తెగుతాయి, రెండు ఊపిరితిత్తుల గుండా వెళ్తే జింక సెకన్లలోనే స్పృహ తప్పుతుంది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా ఎంపికలు సులువవుతాయి. బాణం నుంచి కావాల్సినవి మూడు. నిటారుగా వెళ్లాలి, ఎందుకంటే పక్కకి ఊగుతూ తగిలిన బాణం తన శక్తిని లోపలికి దిగడంలో కాక ఊగడంలో పోగొట్టుకుంటుంది. పదునుగా ఉండాలి. వీలైతే అటువైపు నుంచి బయటకి రావాలి. రెండు చిల్లులు పడితే, ముఖ్యంగా చెట్టు మీది మంచె నుంచి వేసినప్పుడు కింది వైపు చిల్లు పడితే, నేల మీద రక్తపు జాడ దొరుకుతుంది. అది దొరక్కపోతే చచ్చిన జింక కూడా పొదల్లో పోయినట్టే. బాధపడుతూ వెళ్లిపోయిన జంతువు, వృథా అయిన మాంసం వేటలో అన్నిటికన్నా పెద్ద వైఫల్యం. బాణం ఎంపికలో ఇంత పట్టింపు అందుకే.

స్పైన్: కావడి బద్ద లెక్క

షాఫ్ట్ బిగువును చెప్పే కొలతే స్పైన్. పెట్టె మీద ఉండే 400 అన్న అంకె ఎలా వస్తుందంటే, 29 అంగుళాల షాఫ్ట్‌ను 28 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. షాఫ్ట్ 0.400 అంగుళం, అంటే ఒక సెంటీమీటరు కిందకి వంగితే దాని స్పైన్ 400. అర అంగుళం వంగితే 500. అంకె పెరిగే కొద్దీ షాఫ్ట్ మెత్తన, తగ్గే కొద్దీ బిగువు. కొత్తవాళ్లు దీన్ని తిప్పి అర్థం చేసుకుని 500 అంటే గట్టిదనుకోవడం తరచూ జరుగుతుంది.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో కావడి బద్దను చూస్తే తెలుస్తుంది. బద్ద పొడవు పెరిగినా, కుండల బరువు పెరిగినా అది ఎక్కువ వంగుతుంది. విల్లు వదిలిన క్షణంలో బాణానిదీ అదే పరిస్థితి. వెనక నుంచి నారి తోస్తుంది. ముందున్న ములుకు తన బరువు వల్ల వెంటనే కదలనంటుంది. మధ్యలో షాఫ్ట్ వంగుతుంది. విల్లు పౌండ్లు పెరిగితే తోపు పెరిగి ఎక్కువ వంగుతుంది. ములుకును 100 గ్రెయిన్ల (సుమారు ఆరున్నర గ్రాముల) నుంచి 125కి మార్చినా ఎక్కువ వంగుతుంది. షాఫ్ట్‌ను పొట్టిగా కోస్తే తక్కువ వంగుతుంది. వంపు పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి 30 అంగుళాల షాఫ్ట్‌ను 28కి కోస్తే ఆ వంపు దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. అందుకే బాణం పొడవు, ములుకు బరువు తేలకుండా స్పైన్ చెప్పడం కుదరదు.

తయారీదారులు ఇచ్చే చార్టుల్లో ఈ మూడు అంకెలూ అడుగుతారు. 55–60 పౌండ్ల కాంపౌండ్ విల్లు, 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల ములుకు అయితే చాలా చార్టులు 400 స్పైన్ దగ్గరికి తెస్తాయి. 45 పౌండ్ల దగ్గర అది 500 అవుతుంది. 70 పౌండ్లు, 29 అంగుళాలు దాటితే 340 లేదా 300 కావాలి. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది కాబట్టి కొనే బాణానికి సంబంధించిన చార్టే చూడాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పౌండ్ల దగ్గర. విల్లు మీద 50–60 అని రాసి ఉన్నా, కొత్తవాళ్లు మొదట్లో దాన్ని వీలైనంత తగ్గించి లాగుతారు. భుజాలు అలవాటుపడ్డాక, రెండు మూడు నెలల్లో, మళ్లీ పెంచుకుంటారు. మే నెలలో 50 పౌండ్లకు కొన్న 500 స్పైన్ బాణం అక్టోబరులో 60 పౌండ్ల దగ్గర మెత్తనైపోతుంది. అందువల్ల సీజన్ నాటికి ఎక్కడ ఉంటారో ఆ పౌండ్లకు చార్టు చూడటం మంచిది. రెండింటి మధ్య ఊగిసలాటగా ఉంటే కాంపౌండ్ విల్లుకు, బ్రాడ్‌హెడ్ బిగించే బాణానికి కొంచెం బిగువు వైపే మొగ్గాలి. అవసరానికన్నా మెత్తని బాణం బ్రాడ్‌హెడ్‌తో అదుపు తప్పుతుంది, మరీ మెత్తనిదైతే విరిగే ప్రమాదం కూడా ఉంది.

రెండో పొరపాటు డ్రా లెంగ్త్ దగ్గర, అంటే నారిని ఎంత పొడవు లాగుతారన్న కొలత దగ్గర. రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే కొలతను 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్ ఉజ్జాయింపుగా వస్తుంది. 66 అంగుళాల బార ఉన్న మనిషికి అది 26.5 అంగుళాల లోపే. కేటలాగుల్లో కనిపించే అంకెలన్నీ 29, 30 అంగుళాలవి. తన కొలత తెలుసుకోకుండా మిత్రుడి విల్లు లెక్కతో బాణాలు కొంటే అవి పొడవూ ఎక్కువే, వంపూ తప్పే. మరీ పొట్టిగా కోయడమూ ప్రమాదమే. పూర్తిగా లాగినప్పుడు షాఫ్ట్ చివర రెస్ట్ కన్నా కనీసం అర అంగుళం, అంగుళం ముందు ఉండాలి. బ్రాడ్‌హెడ్ అంచులు పట్టు మీదున్న వేలి దగ్గరికి రాకూడదు.

రెండుంబావు తులాల బాణం

బాణం బరువును గ్రెయిన్లలో చెబుతారు. మనకి ఇది పరాయి కొలతేమీ కాదు. బ్రిటిష్ కాలంలో స్థిరపరిచిన తులం, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా 180 గ్రెయిన్లు. 100 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ అర తులం పైచిలుకు, ఆరున్నర గ్రాములు. ములుకు, షాఫ్ట్, ములుకు బిగించడానికి షాఫ్ట్ కొసలో అతికించే ఇన్సర్ట్, వెనక ఈకల్లాంటి వేన్లు, నారికి తగిలించే నాక్ అన్నీ కలిపి మామూలు జింక వేట బాణం 400 నుంచి 450 గ్రెయిన్లు తూగుతుంది. అంటే రెండుంబావు తులాలు, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ.

అడుగు పరిమితి ఒకటుంది. విల్లు పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తేలిక బాణం వాడొద్దని విల్లు తయారీదారులు సాధారణంగా చెబుతారు. 60 పౌండ్ల విల్లుకు అది 300 గ్రెయిన్లు. అంతకన్నా తేలికైతే, బాణం తీసుకోలేని శక్తి విల్లు కొమ్మల్లోకి, కేబుళ్లలోకి తిరిగి వెళ్తుంది. బాణం లేకుండా నారి వదిలినప్పుడు జరిగే నష్టం లాంటిదే ఇది. విల్లు పగలొచ్చు, వారంటీ పోవచ్చు.

ప్రకటనల్లో కనిపించే సెకనుకు 330 అడుగుల వేగం ఈ అడుగు పరిమితి దగ్గర కొలిచినదే. 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల బాణం అన్నది ఆ కొలత పద్ధతి. అదే విల్లును 60 పౌండ్లకు, 28 అంగుళాలకు పెట్టి 420 గ్రెయిన్ల బాణం వేస్తే వేగం 260 అడుగుల చుట్టూ ఉంటుంది. అంటే విల్లులో లోపం ఉందని కాదు. కొనేటప్పుడు చూసిన అంకె ఇంకొక మనిషిది, ఇంకొక బాణానిది.

తేలికా, బరువా?

ఆన్‌లైన్‌లో ఎక్కువ గొడవ దీని మీదే. ఒక వర్గం వేగమే ముఖ్యమంటుంది. ఇంకో వర్గం బాణం ఎంత బరువుంటే అంత మంచిదంటుంది.

లెక్క వేస్తే రెండు వాదాల్లోనూ ఎంత నిజముందో తేలుతుంది. ఒకే 60 పౌండ్ల విల్లు నుంచి 350 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగులు, 420 గ్రెయిన్లది 260, 500 గ్రెయిన్లది 240 అడుగుల వేగంతో వెళ్తాయనుకుందాం. శక్తి వరసగా 61, 63, 64 ఫుట్-పౌండ్లు. దాదాపు సమానం, ఎందుకంటే విల్లు ఇచ్చేది ఒకటే. ద్రవ్యవేగంలో (బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) మాత్రం మొదటిదానికన్నా మూడోది ఐదో వంతు పైగా ఎక్కువ. లోపలికి దిగడంలో బరువు బాణానిదే పైచేయి. విల్లు శబ్దం కూడా తగ్గుతుంది.

మరి వేగం వల్ల లాభమెంత? తెల్లతోక జింక మీద కొత్తవాళ్లు వేయదగిన దూరం 20 గజాలు, క్రికెట్ పిచ్ కన్నా రెండు గజాలు తక్కువ. ఆ దూరం వెళ్లడానికి 280 అడుగుల బాణానికి 0.21 సెకను, 240 అడుగుల బాణానికి 0.25 సెకను పడుతుంది. నారి శబ్దం జింక చెవికి అంతకన్నా చాలా ముందే, 0.05 సెకనులో చేరిపోతుంది. ఏ విల్లూ శబ్దాన్ని దాటి పోలేదు. కాబట్టి ఆ నాలుగు వందో వంతుల సెకను కోసం బరువు వదులుకోవడంలో పెద్ద అర్థం లేదు.

అలాగని బరువుకు హద్దు లేకుండా పోకూడదు. ఎడ్ ఆష్‌బీ అనే అమెరికన్ వేటగాడు ఆఫ్రికాలో, తర్వాత ఆస్ట్రేలియాలో పెద్ద జంతువుల మీద బాణాల ప్రభావాన్ని ఏళ్ల తరబడి నమోదు చేశారు. బరువైన ఎముకను దాటాలంటే 650 గ్రెయిన్ల పైన ఉండాలన్న మాట ఆయన నివేదికల నుంచే ప్రచారంలోకి వచ్చింది. అది అడవి దున్నల్లాంటి జంతువుల సందర్భంలో చెప్పింది. జింక పక్కటెముక పల్చన. 50 పౌండ్ల విల్లు మీద 650 గ్రెయిన్ల బాణం పెడితే వేగం 200 అడుగుల లోపుకి పడిపోతుంది. అప్పుడు 35 గజాల దూరంలో ఉన్న జింకను 30 గజాలే అనుకుని వేస్తే బాణం దాదాపు 8 అంగుళాలు కిందకి వెళ్తుంది. 260 అడుగుల బాణం అయితే అదే పొరపాటుకు నాలుగున్నర అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తుల భాగం అడ్డకొలత సుమారు 8 అంగుళాలు మాత్రమే కాబట్టి మధ్యకి గురిపెట్టినవాళ్లకి అటూ ఇటూ ఉన్న వెసులుబాటు నాలుగేసి అంగుళాలు. దూరం అంచనా వేయడం ఇంకా అలవాటు కాని మనిషికి మరీ బరువు బాణం కొత్త కష్టం తెచ్చిపెడుతుంది.

పౌండుకు 7 గ్రెయిన్ల చుట్టూ ఉంటే రెండు లాభాలూ అందుతాయి. 60 పౌండ్లకు 420, 50 పౌండ్లకు 350–375. దీనితో పాటు బరువు ముందు వైపు ఎంత ఉందన్నది చూడాలి. 28 అంగుళాల బాణాన్ని వేలి మీద నిలబెడితే అది నాక్ నుంచి 17.4 అంగుళాల దగ్గర తూగిందనుకుందాం. సగం పొడవైన 14 అంగుళాల కన్నా అది 3.4 అంగుళాలు ముందుంది, అంటే పొడవులో 12 శాతం. వేటకు 10 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు. 100 గ్రెయిన్ల ములుకుతో మామూలు కార్బన్ షాఫ్ట్ సాధారణంగా ఈ హద్దులోకే వస్తుంది.

షాఫ్ట్ గురించి ఇంకొక్క మాట. ఒకే రకం బాణాన్ని 0.006, 0.003, 0.001 అంగుళం నిటారుతనం అంటూ మూడు ధరలకు అమ్ముతారు. తల వెంట్రుక మందం సుమారు 0.003 అంగుళం. 20 గజాల దూరంలో కొత్తవాళ్ల చేతి వణుకు ముందు ఆ తేడా కనిపించదు. మధ్య రకం తీసుకుని, మిగిలిన డబ్బు బ్రాడ్‌హెడ్ల మీద, బ్రాడ్‌హెడ్లకు తట్టుకునే ఫోమ్ టార్గెట్ మీద పెట్టడమే మేలు.

బ్రాడ్‌హెడ్: స్థిరమా, విచ్చుకునేదా?

తెలుగులో బాణం మొనకి ములుకు, అలుగు అన్న మాటలున్నాయి. సాధన కోసం వాడే గుండ్రటి ఫీల్డ్ పాయింట్ కేవలం మొన. బ్రాడ్‌హెడ్ కత్తి అంచులున్న అలుగు. ఫీల్డ్ పాయింట్‌తో జింక మీద వేయడం చట్టరీత్యానూ తప్పే, జంతువు పట్ల క్రూరత్వం కూడా.

బ్రాడ్‌హెడ్లలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. స్థిరమైన వాటిలో అంచులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, వెడల్పు అంగుళం, అంగుళం పైచిలుకు. మెకానికల్ అనే రెండో రకంలో అంచులు ఎగిరేటప్పుడు ముడుచుకుని ఉండి, తగలగానే గొడుగులా విచ్చుకుంటాయి. వాటి వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల దాకా ఉంటుంది.

అంచుల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. 1.125 అంగుళాల వెడల్పున్న రెండంచుల అలుగు పెట్టే కోత పొడవు 1.125 అంగుళాలే. అదే వెడల్పున్న మూడంచుల అలుగులో ఒక్కో అంచు సగం వెడల్పు కోస్తుంది కాబట్టి మొత్తం దాదాపు 1.7 అంగుళాలు. రెండంగుళాల మెకానికల్ కోత 2 అంగుళాలు. కోత పెరిగే కొద్దీ రక్తస్రావం పెరుగుతుంది, కానీ ఆ కోతకి శక్తి కూడా అంత ఎక్కువ ఖర్చవుతుంది. మెకానికల్‌లో అంచులు విచ్చుకోవడానికీ కొంత శక్తి పోతుంది. ఏటవాలుగా తగిలినప్పుడు, ఎముక అడ్డుపడినప్పుడు సరిగా తెరుచుకోకపోవడం కూడా జరగొచ్చు.

అయినా మెకానికల్‌కు అంత గిరాకీ ఎందుకంటే, ముడుచుకున్నప్పుడు గాలి దాన్ని పెద్దగా పట్టించుకోదు. ఫీల్డ్ పాయింట్ తగిలే చోటే అదీ తగులుతుంది. విల్లును సర్దుకునే పని తప్పుతుంది. ఈ సౌకర్యమే కొత్తవాళ్లని అటువైపు లాగుతుంది. ఇందులో ఒక చిక్కుంది. విల్లు సర్దుబాటు సరిగా లేనప్పుడు స్థిరమైన అలుగు ఆ లోపాన్ని టార్గెట్ మీదే చూపించేస్తుంది. మెకానికల్ దాన్ని కప్పిపెడుతుంది. ఊగుతూ వెళ్లే బాణం టార్గెట్ ఫోమ్‌లో సరిగ్గానే తగిలినట్టు కనిపించి, జింక మీద లోపలికి దిగకుండా ఆగిపోతుంది.

కాబట్టి 40–50 పౌండ్ల విల్లుకు, చిన్న డ్రా లెంగ్త్ ఉన్నవాళ్లకి, స్థిరమైన రెండంచుల లేదా చిన్నపాటి మూడంచుల అలుగే సరైన ఎంపిక. 60 పౌండ్లు దాటి, బాణం నిటారుగా వెళ్తోందని తేలాక ఒకటిన్నర అంగుళాల మెకానికల్ వాడటంలో తప్పులేదు. బరువు విషయంలో 100 గ్రెయిన్లతో మొదలుపెడితే దుకాణంలో ఎక్కువ రకాలు దొరుకుతాయి, అంతే బరువున్న ఫీల్డ్ పాయింట్లూ దొరుకుతాయి. సాధనకీ వేటకీ ఒకే బరువు ఉండటం తప్పనిసరి.

పదును గురించి ఎంత చెప్పినా తక్కువే. కొత్త పెట్టెలోంచి తీసిన అలుగులన్నీ పదునుగా ఉంటాయని నమ్మకూడదు. రబ్బరు బ్యాండ్‌ను వదులుగా సాగదీసి అంచును మెల్లగా ఆనిస్తే, నొక్కకుండానే అది తెగిపోవాలి. రబ్బరు జారి పక్కకి తప్పుకుంటే ఆ అంచు రక్తనాళాన్ని కూడా అలాగే పక్కకి తోసేస్తుంది. టార్గెట్ మీద వేసిన అంచులను వేటకు వాడకుండా, సాధనకి విడిగా ఒకటి పెట్టుకోవాలి.

ముందు రెక్కలు, వెనక రెక్కలు

స్థిరమైన అలుగు బాణానికి ముందు వైపు రెక్కల్లా పనిచేస్తుంది. వెనక వేన్లు బాణాన్ని నిటారుగా ఉంచాలని చూస్తుంటే ముందు అంచులు దాన్ని పక్కకి లాగుతుంటాయి. వెనకవి గెలవాలంటే అవి కొంచెం మెలితిప్పి అంటించి ఉండాలి. అప్పుడు బాణం బొంగరంలా తిరుగుతూ స్థిరపడుతుంది. తిన్నగా అంటించిన చిన్న వేన్లు ఫీల్డ్ పాయింట్‌కు చాలుతాయి కానీ స్థిరమైన అలుగుకు తరచూ చాలవు.

అలుగు బిగించాక మొదట చేయాల్సింది, ఆ మొనను గట్టి చెక్క మీద నిలబెట్టి బాణాన్ని వేళ్లతో బొంగరంలా తిప్పి చూడటం. అలుగు, షాఫ్ట్ కలిసే చోట కాస్త ఊగినట్టు కనిపిస్తే ఇన్సర్ట్ వంకరగా అతికి ఉంటుంది, లేదా షాఫ్ట్ చివర సమంగా కోసి ఉండదు. ఆ బాణాన్ని సాధనకే ఉంచాలి. అలుగును వేళ్లతో కాదు, దానితో వచ్చే చిన్న ప్లాస్టిక్ రెంచితోనే బిగించాలి. వేట మొదలవకముందే ఈ అజాగ్రత్త వల్ల గాయాలవుతాయి.

తర్వాత 20 గజాల నుంచి మూడు ఫీల్డ్ పాయింట్ బాణాలు, మూడు బ్రాడ్‌హెడ్ బాణాలు వేసి చూడాలి. రెండు గుంపులూ ఒకే చోట పడితే పని అయిపోయింది. బ్రాడ్‌హెడ్లు ఎడమకి పడుతుంటే రెస్ట్‌ను కుడికి జరపాలి. కుడికి పడుతుంటే ఎడమకి. అంటే బ్రాడ్‌హెడ్ల గుంపు నుంచి ఫీల్డ్ పాయింట్ల గుంపు ఎటువైపు ఉందో అటే. ఒక్కసారికి అంగుళంలో 32వ వంతు చాలు. చాలామంది సైట్‌ను కదిపి సరిపెట్టేస్తారు. సైట్ కదిపితే బాణం తగిలే చోటు మారుతుంది తప్ప ఊగడం ఆగదు. ఎంత సర్దినా రెండు గుంపులూ కలవకపోతే స్పైన్ తప్పిందన్న అనుమానం మొదటిది. ఈ పరీక్షకి ఒక సాయంత్రం పడుతుంది, అది కూడా సీజన్‌కు నెల ముందైతే టెన్షన్ లేకుండా పోతుంది.

కార్బన్ బాణాన్ని వేసే ప్రతిసారీ రెండు చేతులతో కొద్దిగా వంచి, తిప్పుతూ చూడాలి. చిటపటమన్నా, వేలికి గరుకు తగిలినా ఆ బాణం పని అయిపోయినట్టే. చీలిక ఉన్న కార్బన్ షాఫ్ట్ వదిలిన క్షణంలో పగిలితే పుల్లలు నేరుగా విల్లు పట్టుకున్న చేతిలోకి దిగుతాయి.

చట్టం కూడా కొలత చెబుతుంది

కొలతలు నచ్చినట్టు పెట్టుకునే వీలు లేదు. టెక్సస్‌లో అలుగు వెడల్పు కనీసం అంగుళంలో 8 భాగాలకు 7, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు ఉండాలి, కనీసం రెండు అంచులుండాలి. మెకానికల్ అయితే తగలగానే తెరుచుకోవడం మొదలై, తెరుచుకున్నాక ఆ వెడల్పు రావాలి. పెన్సిల్వేనియాలోనూ జింకకి అదే కనీస వెడల్పు, విల్లు కనీసం 35 పౌండ్లు. పశ్చిమ రాష్ట్రాల్లో కొన్ని మెకానికల్ అలుగులను చాలాకాలం నిషేధించాయి, కొన్ని తర్వాత సడలించాయి. ఒక రాష్ట్రంలో కొన్న అలుగు పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు కాబట్టి ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూశాకే కొనాలి. శిక్షణ విషయంలోనూ అంతే. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. న్యూజెర్సీలో విల్లు వేటకు విడిగా కోర్సు ఉంది.

దొరికిన బాణం చెప్పే సంగతి

వేన్ల రంగు అలంకారం కోసమనుకుని నలుపు, ముదురు ఆకుపచ్చ కొనేవాళ్లున్నారు. తెలుపు, లేత పసుపు కొనడం మంచిది. బాణం ఎక్కడ తగిలిందో మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది, పైగా జింకను దాటి నేలలో గుచ్చుకున్న బాణం మీద రక్తం రంగు స్పష్టంగా తెలుస్తుంది. అది ముఖ్యం, ఎందుకంటే తర్వాత ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది ఆ రంగే.

లేత ఎరుపులో సన్నని నురగ బుడగలుంటే బాణం ఊపిరితిత్తుల గుండా వెళ్లింది. అరగంట ఆగి వెతకడం మొదలుపెట్టవచ్చు, జింక సాధారణంగా వంద గజాల లోపే దొరుకుతుంది. ముదురు ఎరుపు అయితే కాలేయం. నాలుగు గంటలైనా ఆగాలి. వేన్లకు ఆకుపచ్చ జిగురు, పేడ వాసన ఉంటే పొట్టలో తగిలింది. అప్పుడు చప్పుడు చేయకుండా మంచె దిగి వెళ్లిపోయి, ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత రావాలి. వెంటనే వెంబడిస్తే పడుకున్న జింక లేచి మైలు దూరం పరిగెడుతుంది, ఆ జాడలో రక్తం దాదాపు ఉండదు.